సుతిలి అయిపోయిన సాయంత్రం: మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రం కమిటీకి ఒక బహిరంగ లేఖ

మహిళల గ్రామైక్య సంఘం అధ్యక్షురాలికి, కార్యదర్శికి, కొనుగోలు కేంద్రం కమిటీలో ఉన్న అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం.

నేను మీరెరిగినవాడినే. సాగర్ ఎడమ కాలువ మైనర్ (పిల్ల కాలువ) మీద మూడో తూము కింద నాలుగెకరాలు చేసుకుంటున్నాను. అంతకుముందు 26 ఏళ్లు కృష్ణ ఒడ్డున ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాను. స్టోర్స్‌లో చేరి, ప్లానింగ్ సెక్షన్‌లో రిటైరయ్యాను. కాబట్టి ఈ లేఖలో సగం రైతు రాసింది, సగం ఆ సెక్షన్ మనిషి రాసింది. ఆ రెండో మనిషితో వేగడం కష్టమని మా ఇంట్లోవాళ్లు అంటుంటారు. మీరూ కొంచెం ఓపిక పట్టాలి.

మీ ఇంటికొచ్చి చెప్పే మాటలే ఇవి. కానీ చాటున చెబితే మిమ్మల్ని తప్పుపట్టినట్టు ఉంటుంది. పోయిన యాసంగిలో కల్లంలో జరిగిన ఆగమాగంలో సగం పాపం రైతులది. అందులో నా వాటా కూడా ఉంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఈ యాసంగి కొనుగోలుకు ఫిబ్రవరిలోనే ప్లాన్ వేసుకుందామని అడగడమే దీని ఉద్దేశం. పక్క ఊళ్ల కమిటీలు చదివినా మంచిదే, వాళ్ల కల్లాలు కూడా మన కల్లంలాగే ఉన్నాయి.

ముందు ఆ రోజు సంగతి.

ఏప్రిల్ చివరి వారం. ధాన్యం పోసిన తొమ్మిదో రోజు నా సీరియల్ నంబర్ వచ్చింది. తేమ మిషన్‌లో 16 చూపించింది. 17 దాకా తీసుకోవచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. తాలు లేకుండా తూర్పార పట్టించాను. మొత్తం 250 బస్తాల రాశి. పొద్దున హమాలీలు వేరే రాశి ముగించుకుని, పదకొండింటికి నా దగ్గర కాంటా పెట్టారు. ఎండకు నడుమ కొంచెంసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టారు. మూడున్నరకు 70 బస్తాలు తూకమై, కుట్టడమై, వరసగా పేర్చి ఉన్నాయి. అప్పుడు హమాలీల మేస్త్రీ దబ్బనం పక్కన పెట్టి, "అన్నా, సుతిలి అయిపోయింది" అన్నాడు.

సంచులున్నాయి. హమాలీలున్నారు. లారీ వచ్చి వేపచెట్టు కింద నిలబడి ఉంది. బస్తా మూతి కుట్టే దారం, ఆ సుతిలి మాత్రం లేదు. ఒకరు వీవోఏకు, అంటే గ్రామైక్య సంఘం సహాయకురాలికి, ఫోన్ చేశారు. ఆమె ట్యాబ్ ఎంట్రీ కోసం ఇంకో ఊళ్లో ఉంది. ఇంకొకరు కార్యదర్శి అక్కకు చేశారు. ఆమె కోశాధికారిని అడగమంది. కోశాధికారి ఆ రోజు బ్యాంకులో. చివరికి ఒక పిల్లవాడు బండేసుకుని మిర్యాలగూడ పోయాడు. అతను వచ్చేలోపు మేస్త్రీ చినిగిన పాత సంచుల పోగులు పీకి ముడివేసి ఓ పదిహేను బస్తాలైనా కుడదామని చూశాడు. ఆ పోగు నిలవలేదు. పిల్లవాడు సుతిలి ఉండలతో తిరిగొచ్చేసరికి ఆరున్నర దాటింది. ఏడింటికి గాలి లేచింది. ఏడుంబావుకు వాన.

నా దగ్గర రాశి మీద కప్పే సొంత టార్పాలిన్ పట్టా ఒకటే ఉంది. కేంద్రం పట్టాలు అప్పటికే వేరే రాశుల మీద ఉన్నాయి. పట్టా అంచులు పట్టుకుని నేను, మా ఆవిడ గాలికి ఎదురు నిలబడ్డాం. కింది నుంచి నీళ్లు పారితే పట్టా ఏం చేస్తుంది? 180 బస్తాల రాశి అడుగు తడిసింది. తర్వాత నాలుగు రోజులు ఆరబోయడం, తిరగేయడం, కూలీల ఖర్చు. కొన్ని గింజలు మొలకెత్తాయి. మిల్లు దగ్గర బస్తాకు 3 కిలోల తరుగు తీశారు. 180 బస్తాలకు 540 కిలోలు. ఆ సీజన్‌లో ‘ఏ’ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే 12,500 పైనే పోయింది, కూలీలు కాక. సుతిలి ఉండ ధర ఎంతో మీకూ తెలుసు.

తెల్లారి కల్లంలో మూడు మాటలు విన్నాను. వానదేవుడి పని అన్నారు కొందరు. పైనుంచి సామాను సరిగా పంపలేదన్నారు మీరు. మూడో మాట నాకు బాగా కోపం తెప్పించింది: ఆడవాళ్లకు అప్పజెబితే ఇట్లనే ఉంటది అని. ఆ మాట అన్న పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా ముందురోజు సాయంత్రం సుతిలి కోసం బండి తీయలేదు. ఆడా మగా లెక్క కాదిది. మా ఫ్యాక్టరీలో ఇంజనీర్లందరూ మగవాళ్లే. సరిగ్గా ఇదే తప్పు అక్కడా జరిగింది. చేసింది నేను.

సిమెంటు కిల్న్ అంటే పడుకోబెట్టిన పెద్ద ఇనుప గొట్టం అనుకోండి. లోపల సున్నపురాయి పొడి 1,450 డిగ్రీల దాకా కాలుతుంది. అంత వేడికి ఇనుము నిలవదు కాబట్టి గొట్టం లోపలంతా వేడిని తట్టుకునే ఇటుక పరుస్తారు. అది అరిగిపోతుంది. అందుకని ఏడాదికోసారి కిల్న్ ఆపి, చల్లార్చి, పాత ఇటుక పీకి కొత్తది వేస్తారు. దాన్ని షట్‌డౌన్ అంటాం. కిల్న్ ఆగిన ప్రతి రోజూ కంపెనీకి నష్టమే కాబట్టి, ఆ పనికి ఆరు నెలల ముందే కాగితాలు మొదలయ్యేవి. గోడ మీద పెద్ద చార్ట్ ఉండేది: ఏ పని ఏ రోజు మొదలు, ఏ రోజు ముగింపు, ఏది అయితే ఏది మొదలవుతుంది అని అడ్డగీతలు. ఆ గీతల పద్ధతిని వందేళ్ల కింద గ్యాంట్ అనే ఇంజనీరు వాడుకలోకి తెచ్చాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇటుక చుట్టూ వలయంలా పేరుస్తూ వస్తారు. పైన చివర్లో కొంచెం సందు మిగులుతుంది. ఆ సందులో కొలతకు సరిపోయే ఇటుక కొట్టి బిగిస్తారు. దాన్ని కీ బ్రిక్ అంటారు. అది పడితేనే వలయమంతా ఒకదానికొకటి ఒరుసుకుని నిలుస్తుంది. అది లేకపోతే మిగతా ఇటుకంతా ఉన్నా లేనట్టే. ఒక ఏడాది ఏడు లారీల ఇటుక వచ్చింది. కీ బ్రిక్ రాలేదు. దాని ఇండెంట్, అంటే తెప్పించమని రాసే కాగితం, నా టేబుల్ మీద ఇంకో ఫైలు కింద ఉండిపోయింది. కిల్న్ మూడు రోజులు ఉత్తగా నిలబడింది. మేస్త్రీలు లోపల కూర్చుని బీడీలు తాగారు.

మా మేనేజర్ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒక తెల్లకాగితం ఇచ్చి, షట్‌డౌన్‌లోని ప్రతి పని పేరు రాసి, ఎదురుగా "ఏ చిన్న వస్తువు లేకపోతే ఈ పని ఆగుతుంది" అన్నది రాసుకురమ్మన్నాడు. రాత్రంతా రాశాను. 140 పైచిలుకు వచ్చాయి. వాటిలో పెద్ద వస్తువులు పది కూడా లేవు. మిగతావన్నీ నట్లు, వాషర్లు, వెల్డింగ్ రాడ్లు, టార్చి లైట్ల సెల్లులు. పెద్ద వస్తువును ఎవరూ మరిచిపోరు, అది కళ్ల ముందే ఉంటుంది. పని ఆపేది చిన్నదే.

మన కల్లంలో సుతిలి అయిపోయిన సాయంత్రం నాకు ఆ కిల్న్ గుర్తొచ్చింది.

ఫ్యాక్టరీవాళ్లు ఒకసారి మమ్మల్ని మూడు రోజుల ట్రైనింగ్‌కు హైదరాబాద్ పంపారు. అక్కడ ఒక సారు హెన్రీ ఫయోల్ అనే ఫ్రెంచి ఇంజనీరు గురించి చెప్పాడు. దివాలా అంచున ఉన్న బొగ్గు గనుల కంపెనీని 1888లో చేతికి తీసుకుని నిలబెట్టినవాడు ఆయన. తన అనుభవమంతా 1916లో ప్రచురించాడు. సంస్థను నడిపేవాళ్ల పనులు ఐదని, అందులో మొదటిది ముందుచూపు అని ఆయన లెక్క. అది అయ్యాకే మనుషులకు పనులు అప్పజెప్పడం, ఆదేశించడం, అందరినీ కలుపుకుపోవడం, సరిచూడడం. నాకు ఆ ఐదింటిలో నచ్చింది ఆ వరస. మన దగ్గర వరస తిరగబడింది. కల్లం తెరిచిన రోజు నుంచి ఆదేశాలే ఆదేశాలు, ఫోన్లే ఫోన్లు. మొదటి పని చేయకుండా మూడో పనితో మొదలుపెడితే గొంతు పోతుంది తప్ప బస్తా కదలదు.

ఆ సారే ఇంకో సంగతి కూడా చెప్పాడు. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ, మా షట్‌డౌన్ లాంటి పనుల కోసం ఒక లెక్క కట్టింది. వంద పనులుంటే అన్నీ ఆలస్యానికి కారణం కావు. ఒకదాని వెనక ఒకటి తప్పనిసరిగా నడవాల్సిన పనుల గొలుసు ఒకటుంటుంది. ఆ గొలుసు ఎంత పొడుగో మొత్తం పని అంత పొడుగు. మిగతా చోట్ల ఎంత ఉరుకులాడినా ఒక్కరోజు కూడా తగ్గదు. దాన్ని క్రిటికల్ పాత్ అంటారు. మన కల్లంలో ఆ గొలుసు ఏది? సంచులని మీరంటారు, లారీలని రైతులంటారు. నేను లెక్క కట్టి చూశాను. కాగితం ముందు పెట్టుకుని నాతో పాటు చూడండి.

మన ఊళ్లో ఈ యాసంగి వరి 1,200 ఎకరాలకు కాస్త అటూ ఇటూ ఉంది. నేను ఊహించి చెప్పడం లేదు, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) గారి పంట నమోదులో ఉంది. అడిగితే ఏ రైతు ఏ రకం ఎన్ని ఎకరాలు వేశాడో చూపిస్తారు. ఇన్నేళ్లలో కమిటీ నుంచి ఒక్కరూ అడగలేదని ఆయనే నవ్వుతూ అన్నారు. అందులో సుమారు సగం సన్నాలు, అంటే సన్న గింజ వడ్లు. సన్నాలవాళ్లు కోత మిషన్ కింది నుంచే పచ్చి ధాన్యం ట్రాక్టర్లలో మిర్యాలగూడ మిల్లులకు తోలతారు, మన కల్లానికి రారు. మిగిలిన 600 ఎకరాల్లో 1010 అనే వరి రకం, ఇతర దొడ్డు రకాలు. ఎకరాకు 25 క్వింటాళ్లు వేసుకుంటే 15,000 క్వింటాళ్లు. 40 కిలోల బస్తా లెక్కన 37,500 బస్తాలు.

పోయిన సీజన్ మన హమాలీల ముఠా రోజుకు ఎన్ని బస్తాలు కాంటా పెడుతుందో నాలుగు రోజులు కూర్చుని లెక్కబెట్టాను. 740, 810, 860, 790. సగటు 800. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండలో అంతకంటే చేయమనడం మనుషులు చేసే పని కాదు.

ఇక కోత. ఆరు కోత మిషన్లు దిగితే రోజుకు 60 ఎకరాలు కోస్తాయి. పది రోజుల్లో 600 ఎకరాలూ ఖాళీ. అంటే రోజుకు 3,750 బస్తాల ధాన్యం కల్లానికి వస్తుంది, 800 బయటికి పోతుంది. పదో రోజు సాయంత్రానికి 37,500 వచ్చి 8,000 పోయాయి. కల్లంలో, రోడ్డు మీద, బడి ఆవరణలో, శ్మశానం పక్కన మిగిలింది 29,500 బస్తాలు. అది మొత్తం తీయడానికి ఆ ముఠాకు ఇంకా 37 రోజులు పడుతుంది. జూన్ మొదటి వారం! ఆలోపు వాన రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, వస్తే ఆశ్చర్యమెందుకు?

కాబట్టి గొలుసు హమాలీల దగ్గరుంది. సంచులు లక్ష తెచ్చిపోసినా 800 మాత్రమే నిండుతాయి.

ఇప్పుడు రెండు మార్పులు చేసి అదే లెక్క వేయండి. ఒకటి, రెండో ముఠా. రోజుకు 1,600 బస్తాలు. రెండు, కోతను పది రోజుల బదులు ఇరవై రోజులకు పరచడం. రోజుకు 30 ఎకరాలు, 1,875 బస్తాలు. ఇరవయ్యో రోజు సాయంత్రానికి 37,500 వచ్చాయి, 32,000 పోయాయి. మిగిలింది 5,500. ఇంకో మూడున్నర రోజుల పని. అదే ఊరు, అదే వడ్లు, అదే వాన. ఒక లెక్కలో 29,500 బస్తాలు ఆకాశం కింద ఉన్నాయి, ఇంకో లెక్కలో 5,500. పట్టాల అవసరం కూడా అంతకంతకు తగ్గుతుంది.

కోతను ఇరవై రోజులకు ఎలా పరుస్తారని అడుగుతారు. వరి ఎప్పుడు కోతకొస్తుందో మనకు నారు పోసిన రోజే తెలుసు. 1010 మామూలుగా 120 రోజుల పంట, యాసంగి చలికి ఇంకో వారం పది రోజులు పడుతుంది. మైనర్ మీద నీళ్లు పై తూముకు ముందు, చివరి తూముకు వెనక అందుతాయి కాబట్టి నాట్లూ ఆ వరసనే పడ్డాయి. మొదటి తూము, చివరి తూము మధ్య ఈసారి పదహారు రోజుల తేడా ఉంది. పంట తనంతట తాను వరసగానే వస్తోంది. మనమే పక్కవాడి పొలంలో మిషన్ దిగగానే, తిరుగు ఖర్చు కలిసొస్తుందని, మన పచ్చి చేను కూడా కోయిస్తున్నాం. పచ్చిది కోస్తే తేమ 22, 24 వస్తుంది. అది కల్లంలో ఆరేదాకా వారం రోజులు జాగా ఆక్రమించి కూర్చుంటుంది. ఈ తప్పు కమిటీది కాదు, మాది. పోయినసారి నేనూ నాలుగు రోజులు ముందే కోయించాను. మిషన్ ఓనర్ మళ్లీ రానంటాడేమోనని టెన్షన్.

దీనికి మందు తూముల వారీగా రైతులను కూర్చోబెట్టి మాట్లాడడమే. తూముకు ఇద్దరు రైతులు, ఊళ్లోకొచ్చే మిషన్ ఓనర్లు, కమిటీ నుంచి ఒక అక్క. ఏ తూము ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఒక కాగితం. అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తారని నేను అనుకోవడం లేదు. పదిమందిలో ఏడుగురు పాటించినా కల్లం ఊపిరి తీసుకుంటుంది.

రెండో ముఠా సంగతి మాత్రం మీ చేతిలో ఉంది, అది ఇప్పుడే కావాలి. ఏప్రిల్‌లో అడిగితే ముఠాలన్నీ ఎక్కడో ఒకచోట కుదిరిపోయి ఉంటాయి. పోయినసారి మీరు అడిగింది ఏప్రిల్ 20 తర్వాత. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. ఫిబ్రవరిలో మేస్త్రీతో మాట్లాడి, ఎన్ని రోజులు, ఎంతమంది, క్వింటాలుకు ఎంత, మధ్యాహ్నం మంచినీళ్లు, నీడ ఎవరు చూస్తారు అన్నవన్నీ తేల్చుకోవాలి. నీడ అనగానే చిన్న విషయం అనుకోకండి. నేను లెక్కబెట్టిన నాలుగు రోజుల్లో 860 బస్తాలైన రోజు పక్కన పందిరి ఉంది. 740 అయిన రోజు లేదు.

లారీల లెక్క త్వరగా ముగిస్తాను. లారీకి 600 బస్తాలనుకుంటే రోజుకు మూడు లారీలు కదలాలి. మిల్లు దగ్గర దిగుమతికి రెండు రోజులు నిలబడితే ఒక్కో లారీ తిరిగొచ్చేది మూడో రోజు తర్వాతే. అంటే మన ఒక్క కేంద్రానికే తొమ్మిది లారీలు తిరుగుతుండాలి. "లారీలు పంపండి" అని అరవడం వేరు, "మాకు తొమ్మిది కావాలి, ఇదిగో లెక్క" అని కాగితం పెట్టడం వేరు.

ఇక్కడ మీరనే మాట నాకు తెలుసు. సంచులు పౌరసరఫరాల వాళ్లు ఇవ్వాలి, పట్టాలు, తేమ మిషన్లు, కాంటాలు, ప్యాడీ క్లీనర్లు మార్కెట్ కమిటీ ఇవ్వాలి, మిల్లు ఏదో పైవాళ్లు చెప్పాలి. మన చేతిలో ఏముంది, ప్లాన్ వేస్తే మాత్రం ఏం లాభం అని. నిజమే, చాలా మన చేతిలో లేదు. మా ఫ్యాక్టరీలోనూ ఇటుక చేసేది వేరే రాష్ట్రంలోని కంపెనీ, కరెంటు ఇచ్చేది బోర్డు. అందుకే మేం కాగితాన్ని మూడు గళ్లుగా గీసేవాళ్లం. మన చేతిలోవి, వేరేవాళ్ల చేతిలోవి, ఎవరి చేతిలోనూ లేనివి. మొదటి గడికి మనిషి పేరు, తేదీ రాస్తాం. రెండో గడికి ఎవరిని, ఎప్పుడు, ఎంత అడగాలో రాస్తాం. మూడో గడికి, అది జరిగితే ఏం చేస్తామో రాస్తాం.

మన కేంద్రానికి ఆ గళ్లు గీస్తే సుతిలి, దబ్బనాలు, ముఠా, పందిరి, మంచినీళ్లు, కల్లం చదును, వాన నీళ్లు పోయే కాల్వ, ఇవన్నీ మొదటి గడి. పైవాళ్లు ఇచ్చేది ఒక్కటీ లేదు ఇందులో. నా రాశి అడుగు తడవడానికి కారణం పైనుంచి వచ్చిన వాన కంటే పక్క రాశి నుంచి పారిన నీళ్లే. ఒక జేసీబీ రెండు గంటలు పనిచేస్తే కల్లం చుట్టూ కాల్వ అయ్యేది. రెండో గడిలో సంచులు, పట్టాలు, లారీలు. వీటికి 37,500 అనే అంకె వేసి ఫిబ్రవరిలోనే దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర తీసుకోండి. ఇచ్చినా పంపకపోవచ్చు. అప్పుడు కల్లం దగ్గర రైతు మీ మీదికి వస్తే చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. పోయినసారి మీరు ఉత్త చేతులతో మాటలు పడ్డారు.

మూడో గడి వాన. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నారు. ఎప్పుడొస్తుందో తెలియక్కర్లేదు, వచ్చిన గంటలో ఎవరు ఏం చేస్తారో తెలిస్తే చాలు. పట్టాలు తాళం వేసిన గదిలో ఉంటే, ఆ తాళం చెవి ఎవరి దగ్గరుంది? ఆ రోజు ఈ ప్రశ్నకు జవాబు దొరికేలోపే ఏడున్నర దాటింది. ఈ గడిలో ఇంకోటి కూడా రాసుకోండి. మిల్లులు సన్నాల ధర ఒక్కసారిగా తగ్గించినా, మూడు రోజులు కొనడం ఆపినా, ఆ పచ్చి ధాన్యమంతా మన కల్లం వైపు తిరుగుతుంది. సన్నాలకు ప్రభుత్వం క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ప్రకటించిందాయె. అందులో పదో వంతు మన దగ్గరికొచ్చినా ఇంకో 3,750 బస్తాలు. దానికి జాగా ఏదో ఇప్పుడే చూసుకోవాలి.

ప్లానంటే పెద్ద చదువుల పని అని మీరు అనుకుంటే నేను ఒప్పుకోను. సంఘంలో బ్యాంకు లోను కోసం మైక్రో క్రెడిట్ ప్లాన్ రాసేటప్పుడు ఒక్కో సభ్యురాలికి ఎంత అవసరం, దేనికి, నెలకు ఎంత కట్టగలదు అని పేరు పేరునా రాస్తారు. మీ వాయిదాలు తప్పవు. మీ పుస్తకాలు చూస్తే మా స్టోర్స్ రిజిస్టర్ల కంటే శుభ్రంగా ఉన్నాయి, ఇది ముఖస్తుతి కాదు. అదే చేత్తో వడ్లకు రాయమంటున్నాను.

ఇంకో మాట, నా సొంత వృత్తి మీద నేనే చెప్పుకోవాలి. ప్లాన్ కాగితాన్ని పూజించేవాళ్లు కూడా ఉంటారు. మా దగ్గర ఒకాయన చార్ట్‌లో ఆకుపచ్చ రంగు వేశాడు కాబట్టి పని అయిపోయిందనేవాడు. కిల్న్ దగ్గరికి పోయి చూస్తే అక్కడ ఇంకా నిచ్చెన కూడా వేయలేదు. అలా కాకూడదంటే రోజూ సాయంత్రం పావుగంట కల్లం దగ్గరే నిలబడి మాట్లాడుకోవాలి. మూడు అంకెలు చాలు: ఈ రోజు ఎన్ని బస్తాల ధాన్యం వచ్చింది, ఎన్ని కాంటా అయ్యాయి, ఎన్ని లారీ ఎక్కాయి. అవి బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో రాయండి. కాగితంలో 1,600 అని ఉండి బోర్డు మీద 1,100 పడితే, ఎందుకు తగ్గిందో ఆ రాత్రే తెలుస్తుంది, వారం తర్వాత కాదు. ముందు లెక్కే లేకపోతే 1,100 ఎక్కువో తక్కువో ఎవరు చెప్పాలి?

ఆ బోర్డు మీదే సీరియల్ నంబర్లు కూడా రాయించండి. ఇది అడగడానికి నాకు సిగ్గుగానే ఉంది. రెండేళ్ల కింద తెలిసిన నాయకుడితో ఫోన్ చేయించి నేను ఐదు నంబర్లు ముందుకు జరిగాను. నా వెనక పడ్డవాళ్లలో ఒక ఒంటరి మహిళ ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు అందరికీ కనిపించేలా నంబర్ రాసి ఉంటే నాకు అడిగే ధైర్యం, మీకు ఒప్పుకోవాల్సిన ఇబ్బంది రెండూ ఉండేవి కావు. నాలాంటివాళ్ల ఫోన్లు ఈసారీ వస్తాయి. బోర్డు చూపించండి.

నా కోరిక ఒక్కటే. ఫిబ్రవరి సంఘం మీటింగ్‌లో పొదుపు, వాయిదాల లెక్క అయ్యాక, ఒక గంట దీనికివ్వండి. ఏఈఓ గారిని, హమాలీల మేస్త్రీని, తూముకు ఇద్దరు రైతులను పిలవండి. మేస్త్రీని మాత్రం మరిచిపోవద్దు, కల్లం సంగతి మనందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఇంతవరకు ఆయన్ని ఎవరూ ఒక్క మీటింగ్‌కూ పిలవలేదు. చార్ట్ కాగితం, స్కెచ్ పెన్నులు నేను తెస్తాను. మూడు గళ్లు గీసి, ప్రతి పనికి ఒక పేరు, ఒక తేదీ రాసుకుని లేద్దాం. "కమిటీ చూసుకుంటుంది" అని మాత్రం ఎక్కడా రాయొద్దు. కమిటీ చూసుకుంటుందని రాసిన పనిని ఎవరూ చూడరు.

మొదటి గడిలో మొదటి పని నేనే తీసుకుంటాను. నిన్న ఇంట్లో పది బస్తాలు కుట్టి కొలిచాను. బస్తాకు దాదాపు మీటరున్నర సుతిలి పడుతోంది. 37,500 బస్తాలకు 56 కిలోమీటర్లు. మిర్యాలగూడ నుంచి నల్లగొండ దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. మా ఆవిడకు ఈ లెక్క చెబితే నవ్వింది, తర్వాత లోపలికి పోయి పాత పెట్టెలోంచి దబ్బనాలు తీసిచ్చింది. నాలుగున్నాయి. ఒకటి మొన వంగింది గానీ మిగతావి బాగున్నాయి. మీటింగ్‌కు తెస్తాను.

మూడో తూము కింద మీ రైతు